రోజ్ కుటుంబం: ఖైదీలు కాకుండా సిడ్నీలో దిగిన తొలి రైతు ఇల్లు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పాప ఇక్కడ సిడ్నీలో ఐదో తరగతి. 1830కి ముందు, ఖైదీలుగా కాకుండా తమంతట తాము వలస వచ్చిన ఒక కుటుంబం గురించి రాసుకు రమ్మన్నారు. పాప రోజ్ కుటుంబాన్ని ఎంచుకుంది. మీరు అడిగినవి మూడు. సిడ్నీలోని రోజ్‌హిల్ పేటకి ఆ పేరు వీళ్ళ వల్లే వచ్చిందా? వీళ్ళు మనలాగే సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చారా? నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది? నేను ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. రిటైరయ్యాక మా పేట లైబ్రరీలో పాత రికార్డులు వెతికేవాళ్ళకి వారానికో రోజు సాయం చేస్తుంటాను. ఏటా ఇలాంటి ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని టెన్షన్ పడుతూ వచ్చే అమ్మానాన్నలని చూస్తూనే ఉంటాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. టీ పెట్టుకుని చదవండి.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. రోజ్‌హిల్‌కీ ఈ కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు. లండన్‌లో ట్రెజరీ కార్యదర్శిగా ఉన్న జార్జ్ రోజ్ అనే ఆయన పేరు మీద, 1788లో గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ ఆ గుట్టకి రోజ్ హిల్ అని పేరు పెట్టాడు. మన థామస్ రోజ్ అప్పటికి ఇంగ్లండ్‌లో డోర్సెట్ పల్లెల్లో వ్యవసాయం చేసుకుంటున్నాడు. నాలుగేళ్ళు పోయాక గానీ ఇక్కడ అడుగు పెట్టలేదు.

రెండో గందరగోళం జేమ్స్ రూస్‌తో వస్తుంది. ఇంగ్లీషులో రూస్‌కీ రోజ్‌కీ ఒక్క అక్షరమే తేడా. రూస్ 1788లో, ఇక్కడ ఖైదీల కాలనీ పెట్టడానికి బ్రిటన్ పంపిన మొదటి ఓడల దండుతో వచ్చిన ఖైదీ. శిక్షాకాలం తీరాక, సిడ్నీకి పడమటనున్న పారమట్ట దగ్గర 30 ఎకరాలు సాగు చేసి, ఈ కాలనీలో తొలి భూమి పట్టా అందుకున్నాడు. 1793లో ఆ పొలాన్ని జాన్ హారిస్ అనే డాక్టరుకి అమ్మేశాడు. ఇప్పుడు మనందరం దోసెలు తినడానికి వెళ్ళే హారిస్ పార్క్ పేరు ఆ డాక్టరుదే. మొదట్లో నేను కూడా ఈ రెండు పేర్లూ కలిపేసి, రోజ్ వంశం కోసం వచ్చిన ఒక పెద్దావిడ ముందు రూస్ ఫైలు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఒక్క అక్షరంతో నన్ను దొంగ మనవరాలిని చేసేశావే!" అని నవ్వింది. పాప పోస్టరులో ఈ తేడా ఒక మూల రాసినా టీచరుకి నచ్చుతుంది.

ఇక "తొలి" అన్న మాట దగ్గర కొంచెం జాగ్రత్త. ఫిలిప్ షాఫర్ అనే జర్మన్ ఖైదీల మీద పర్యవేక్షకుడిగా 1790లో వచ్చాడు. ఆ పని తనకి సరిపడక మర్నాటి ఏడే పారమట్ట నది ఒడ్డున 140 ఎకరాలు తీసుకుని రైతయ్యాడు. స్వేచ్ఛగా వచ్చి భూమి పొందినవాళ్ళలో మొదటివాడు ఎవరని అడిగితే ఆయన పేరే చెప్పాలి. ఉద్యోగం కోసం కాకుండా, ఇక్కడ వ్యవసాయం చేసుకుని స్థిరపడతామని ఇంగ్లండ్ నుంచి పిల్లాపాపలతో బయల్దేరినవాళ్ళలో మొదటివాళ్ళు మాత్రం బెలోనా ఓడలో వచ్చినవాళ్ళు. వాళ్ళలో రైతు కుటుంబమంటే రోజ్ వాళ్ళే. అందుకని "రైతులుగా స్థిరపడాలని వచ్చిన తొలి స్వేచ్ఛా కుటుంబం" అని రాయించండి. ఎవరూ తప్పు పట్టలేరు.

మీ రెండో ప్రశ్నే అసలైనది. టికెట్ వాళ్ళు కొనలేదమ్మా. రాణివాసపు పెళ్ళికి పిలిచినట్టు ప్రభుత్వమే బతిమాలి పిలిచింది.

ఎందుకు పిలిచిందో చెప్తాను. 1788లో ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది లండన్ లాంటి పట్నాల్లో చిల్లర దొంగతనాలకి పట్టుబడినవాళ్ళు. నాగలి ముఖం చూసినవాళ్ళు తక్కువ. తెచ్చుకున్న విత్తనాలు పాడయ్యాయి, సిడ్నీ చుట్టూ ఇసుక నేల. ఆ ఏడాది జులైలోనే గవర్నర్ ఫిలిప్ లండన్‌కి ఒక ఉత్తరం రాశాడు. కాలనీ తన తిండి తాను పండించుకోవాలంటే వెయ్యిమంది ఖైదీల కన్నా కుటుంబాలతో వచ్చే యాభైమంది రైతులు ఒక్క ఏడాదిలో ఎక్కువ చేస్తారని దాని సారాంశం. 1790 నాటికి ఇక్కడ నిజంగా ఆకలి చావులు కనిపించే పరిస్థితి వచ్చింది, రేషన్ సగానికి పైగా కోశారు. అయినా లండన్ కదిలి, రైతుల్ని వెతికి, ఓడ ఎక్కించేసరికి నాలుగేళ్ళు పట్టింది.

మధ్యలో మనకి సంబంధించిన ముచ్చట ఒకటి. ఆ ఆకలి రోజుల్లో ఆహారం కోసం అట్లాంటిక్ అనే ఓడని కలకత్తా పంపారు. అది 1792 జూన్‌లో తిరిగొచ్చి సిడ్నీ రేవులో దించింది బియ్యం, బొంబాయి రవ్వ లాంటి సూజీ, పప్పు. అప్పటి రికార్డుల్లో పప్పుని "ఢోల్" అని రాసుకున్నారు. రోజ్ కుటుంబం రావడానికి ఏడు నెలల ముందే సిడ్నీ గోదాములో పప్పు బస్తాలు ఉన్నాయన్నమాట. తెల్లవాళ్ళకి అది బొత్తిగా నచ్చలేదు. పోపు పెట్టడం తెలియకపోతే ఎవరికి మాత్రం నచ్చుతుంది!

బెలోనా 1792 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి 1793 జనవరి 16న సిడ్నీ చేరింది. అయిదు నెలల పైన సముద్రం మీద. ఓడలో సరుకులు, 17 మంది ఆడ ఖైదీలు, వీళ్ళతో పాటు అయిదుగురు రైతులు, వాళ్ళవాళ్ళు. థామస్ రోజ్, భార్య జేన్, నలుగురు పిల్లలు: థామస్, మేరీ, జోషువా, రిచర్డ్. ఈ ఇంటితో పాటు వచ్చిన అమ్మాయిల్లో ఒకరు ఎలిజబెత్ ఫిష్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మిగతా నలుగురు ఫ్రెడరిక్ మెరెడిత్, థామస్ వెబ్, ఆయన అన్నకొడుకో అక్కకొడుకో అయిన జోసెఫ్ వెబ్, ఎడ్వర్డ్ పావెల్. మెరెడిత్, థామస్ వెబ్ మొదటి దండులోని సిరియస్ ఓడలో పనిచేసి వెళ్ళినవాళ్ళు. పావెల్ కూడా అంతకుముందు ఒక ఖైదీల ఓడలో వచ్చి ఈ ఊరు చూసి వెళ్ళినవాడే. అంటే ఇక్కడ ఏముందో అసలు తెలియకుండా, పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరినవాడు రోజ్ ఒక్కడే. అప్పట్లో ఇక్కడ న్యాయాధికారిగా ఉన్న డేవిడ్ కాలిన్స్ కాలనీ సంగతులు రోజూ రాసిపెట్టుకున్నాడు. ఈ అయిదుగురిలో నిజమైన రైతు లక్షణాలున్నవాడు రోజ్ అని ఆయన అభిప్రాయం.

ఒప్పందం కూడా కాలిన్స్ రాసిన దాంట్లోనే ఉంది. ఓడ ప్రయాణం ప్రభుత్వ ఖర్చు. పనిముట్లు సర్కారు గోదాము నుంచి. రెండేళ్ళ తిండి సర్కారుదే. భూమి ఉచితం. పొలం పనికి ఖైదీలని కేటాయిస్తారు, వాళ్ళకి జీతం ఇవ్వక్కర్లేదు, పైగా ఆ ఖైదీలకి రెండేళ్ళ రేషన్, ఒక ఏడాది బట్టలు కూడా సర్కారే ఇస్తుంది. రోజ్‌కి 120 ఎకరాలు వచ్చాయి. మిగతావాళ్ళకి 60 నుంచి 80 దాకా. మా కోనసీమలో మూడెకరాల కొబ్బరితోట ఉన్నవాణ్ణి ఆసామీ అనేవాళ్ళు. 120 ఎకరాలంటే వినడానికి జమీందారీలా ఉంటుంది.

ఇక్కడే పాపకి ఒక మాట అర్థమయ్యేలా చెప్పండి. "ఫ్రీ సెట్లర్" అన్నదాంట్లో ఫ్రీ అంటే సంకెళ్ళు లేవని మాత్రమే. డబ్బున్నవాళ్ళని కాదు, ఎవరి మీదా ఆధారపడలేదనీ కాదు. (సెట్లర్ అన్న మాటకి హైదరాబాదులో ఉండే వేడి వేరే, దాన్ని ఇక్కడికి తేకండి.) రోజ్ లాంటివాడు నిలబడింది ప్రభుత్వ రేషన్ మీద, సంకెళ్ళతో వచ్చినవాళ్ళ ఉచిత చాకిరీ మీద, ఇంకొకరి నుంచి తీసుకున్న నేల మీద. ఈ మూడూ తీసేస్తే ఆ కథ అక్కడే ఆగిపోయేది. స్కూలు పుస్తకాల్లో "కష్టపడి పైకొచ్చిన మార్గదర్శకులు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కష్టపడ్డ మాట నిజమే. మిగతా సగం కూడా రాస్తే ప్రాజెక్టుకి బరువొస్తుంది.

డబ్బున్న ఫ్రీ సెట్లర్లు కూడా వచ్చారు, కానీ తరవాత. గ్రెగరీ బ్లాక్స్‌లాండ్ 1806లో, ఆయన అన్న జాన్ 1807లో వచ్చారు. పెట్టుబడి చూపించినందుకు గ్రెగరీకి 4,000 ఎకరాలు, జాన్‌కి 8,000 ఎకరాలు ఇస్తామని లండన్‌లోనే మాట తీసుకుని ఓడెక్కారు. 1813లో సిడ్నీకి పడమటనున్న బ్లూ మౌంటెన్స్ కొండలు దాటిన ముగ్గురిలో ఒకడు ఈ గ్రెగరీయే. వీళ్ళనీ రోజ్‌నీ ఒకే గాటన కట్టకూడదు.

రోజ్ వాళ్ళు దిగేటప్పటికి ఫిలిప్ వెళ్ళిపోయి నెల దాటింది. వీళ్ళని పిలిపించినవాడు లేడు, ఆయన స్థానంలో సైన్యాధికారి ఫ్రాన్సిస్ గ్రోస్ ఉన్నాడు. భూమి ఎక్కడ కావాలో చూసుకోమన్నారు. వీళ్ళు సిడ్నీకీ పారమట్టకీ మధ్య, నదికి దక్షిణంగా ఉన్న చోటు ఎంచుకున్నారు. స్వేచ్ఛగా వచ్చినవాళ్ళ ఊరు కాబట్టి దానికి లిబర్టీ ప్లెయిన్స్ అని పేరు పెట్టారు. ఇప్పటి స్ట్రాత్‌ఫీల్డ్, హోమ్‌బుష్ చుట్టుపక్కలన్నమాట. మీరు రోజూ ట్రైన్ మారే స్టేషన్ దగ్గరే అనుకోండి. అది అప్పటికి ఖాళీ నేలేమీ కాదు, వాంగల్ అనే మూలవాసుల తెగది. నది ఒడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. వాళ్ళని ఎవరూ అడగలేదు, ఒప్పందం లేదు, పరిహారం లేదు.

ఎంపిక బెడిసికొట్టింది. పైకి చెట్టూచేమా బాగానే కనిపించింది కానీ అడుగున గట్టి బంకమట్టి, పైన పలచటి పొర. నాగలి కట్టడానికి ఎడ్లు లేవు. చెట్టు నరికి, మొద్దుల మధ్య పారతో తవ్వి గోధుమ, మొక్కజొన్న వేశారు. డోర్సెట్‌లో తాతల నాడే చదును చేసిన పొలాల్లో పనిచేసినవాడికి యూకలిప్టస్ అడవి నరకడం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. గొడ్డలి అంచు వంగిపోతుంది గానీ ఆ కర్ర లొంగదు.

పండినదాన్ని అమ్ముకోవడం ఇంకో బాధ. గోధుమలు కొనే పెద్ద బేరగాడు సర్కారు గోదామొక్కటే. అది ఎప్పుడు తీస్తారో, ఎవరి ధాన్యం ముందు తీసుకుంటారో అధికారుల చేతుల్లో ఉండేది. ఆ అధికారులే ఓడల్లో వచ్చిన సరుకంతా మొత్తంగా కొనేసి, ఎన్నో రెట్ల ధరకి రైతులకి అమ్మేవాళ్ళు. రమ్ము కూడా అంతే, కూలి కింద రమ్మే ఇచ్చేవాళ్ళు. మన దగ్గర పంటకి ముందే అప్పిచ్చి పంట కళ్ళంలోనే కొలుచుకుపోయే షావుకారు గుర్తొస్తాడు. చిన్న రైతులు చాలామంది ఈ అప్పుల్లోనే పొలాలు పోగొట్టుకున్నారు. లిబర్టీ ప్లెయిన్స్ వాళ్ళలోనూ ఎక్కువమంది కొన్నేళ్ళలోనే చెదిరిపోయారు. రోజ్ కుటుంబం కూడా కదిలి, 1800ల మొదట్లో సిడ్నీకి వాయవ్యంగా ఉన్న హాక్స్‌బరీ నది దగ్గరికి చేరింది.

హాక్స్‌బరీ గురించి నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. మాది గోదావరి లంక. నల్లటి ఒండ్రు, ఏది వేసినా పండుతుంది, ఏ ఏడు ఏది పోతుందో తెలియదు. మొదటిసారి విండ్సర్ వంతెన మీద నించుని ఆ నదిని చూసినప్పుడు మా ఊరి రేవే కళ్ళముందు కనిపించింది. అక్కడి రైతు మనస్తత్వం మనకి వివరించక్కర్లేదు. ఇల్లు మునిగితే గట్టెక్కుతాడు, నీళ్ళు తీశాక మళ్ళీ అక్కడికే వెళ్ళి విత్తనం వేస్తాడు, వరద వదిలిన మట్టే వాడి ఎరువు.

1794 జనవరిలో 22 మంది రైతులు అక్కడ మొదట దిగారు. పైన చెప్పిన జేమ్స్ రూస్ వాళ్ళలో ఒకడు. కొద్ది ఏళ్ళలోనే కాలనీ మొత్తానికి ధాన్యపు కొట్టు ఆ నదే అయింది. 1806 మార్చిలో నది పొంగి, కోసి కుప్పలేసిన గోధుమలు, పందులు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. సిడ్నీలో రొట్టె దొరకడమే గగనమైంది. ఆ ఆగస్టులో గవర్నరుగా వచ్చినవాడు విలియం బ్లై. బౌంటీ ఓడలో నావికులు తిరగబడింది ఈయన మీదే. నోటి దురుసు మనిషి, కానీ మునిగిపోయిన రైతులకి గోదాము సరుకులు ముందే ఇచ్చి, పంట వచ్చాక ధాన్యం రూపంలో తీసుకునే ఏర్పాటు చేశాడు. అందుకే 1808 జనవరి 26న సైన్యం ఆయన్ని గద్దె దించినప్పుడు హాక్స్‌బరీ రైతుల్లో ఎక్కువమంది బ్లై పక్షాన ఉన్నారు. మళ్ళీ 1809లో ఒకే ఏడాది రెండు పెద్ద వరదలు.

తరవాతి గవర్నర్ లక్లన్ మక్వారీ ఈ వరదల గోల చూసి, 1810 డిసెంబరు 6న మెరక మీద అయిదు ఊళ్ళు గుర్తించి పేర్లు పెట్టాడు: విండ్సర్, రిచ్‌మండ్, కాసిల్‌రే, పిట్ టౌన్, విల్బర్‌ఫోర్స్. పంట పల్లంలో వేసుకోండి, ఇల్లు మాత్రం మెరక మీద కట్టుకోండి అని ఆదేశం. చాలామంది వినలేదు, లంక రైతు కలెక్టరు మాట వింటాడా! విల్బర్‌ఫోర్స్ అన్నది బానిసల వ్యాపారాన్ని ఆపించడానికి పోరాడిన పార్లమెంటు సభ్యుడి పేరు. ఖైదీల చాకిరీతో నడిచే ఊరికి ఆ పేరు పెట్టడంలో ఉన్న విడ్డూరం మక్వారీకి తట్టిందో లేదో.

ఆ విల్బర్‌ఫోర్స్‌లోనే రోజ్ కుటుంబం చివరికి కుదురుకుంది. 1811 ప్రాంతంలో వాళ్ళు కట్టుకున్న చిన్న ఇల్లు ఇప్పటికీ అదే చోట ఉంది, రోజ్ కాటేజ్ అంటారు. కట్టిన చోటే నిలిచి ఉన్న చెక్క ఇళ్ళలో ఆస్ట్రేలియాలో కెల్లా పాతదని దానికి పేరు. దుంగల్ని రంపంతో కోయకుండా గొడ్డలితో, మేకులతో నిలువునా చీల్చి, ఆ దళసరి పలకల్ని పక్కపక్కన నిలబెట్టి గోడలు కట్టేవాళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే గొడ్డలి దెబ్బల ఆనవాళ్ళు కనిపిస్తాయి. నూటయాభై ఏళ్ళ దాకా ఆ ఇల్లు ఆ వంశం వాళ్ళ చేతిలోనే ఉంది. ఇప్పుడు ఆస్ట్రేలియానా పయనీర్ విలేజ్ అనే ఆవరణలో ఉంది. జేన్ 1827లో, థామస్ 1833లో అక్కడే కన్నుమూశారు. ఇక్కడ పుట్టిన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ కలిపి ఈ రోజు ఆ వంశంలో ఉన్నవాళ్ళు వేలల్లో ఉంటారు.

ఇప్పుడు ఎలిజబెత్ ఫిష్ దగ్గరికి వద్దాం. చాలా కుటుంబ చరిత్రలు ఈ భాగాన్ని దాటేస్తాయి. నాకది ఇష్టం ఉండదు.

ఓడ దిగిన కొద్ది రోజులకే ఎలిజబెత్, బెలోనాలోనే వచ్చిన ఎడ్వర్డ్ పావెల్‌ని పెళ్ళాడింది. పావెల్ కూడా తరవాత హాక్స్‌బరీ చేరి, అక్కడ కానిస్టేబుల్‌గా కూడా చేశాడు. ఆ నదిని దారుగ్ మూలవాసులు డ్యారబిన్ అంటారు. ఒడ్డున దొరికే దుంపలు వాళ్ళ ముఖ్యమైన తిండి. రైతులు మొక్కజొన్న వేసింది సరిగ్గా ఆ దుంపల నేలలోనే. ఆకలితో మొక్కజొన్న కోసుకుంటే దొంగతనమన్నారు, కాల్పులు జరిగాయి, ప్రతీకారాలు జరిగాయి, 1795లో సైన్యాన్నే దింపారు. 1799లో ఒక సెట్లర్‌ని మూలవాసులు చంపారన్న కోపంతో, ఆ చావుతో సంబంధం ఉందో లేదో తేల్చకుండా, ఇద్దరు దారుగ్ కుర్రాళ్ళని పట్టుకుని చంపేశారు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళని జెమ్మీ, లిటిల్ జార్జ్ అని పిలిచేవాళ్ళు. ఆ అక్టోబరులో అయిదుగురు సెట్లర్ల మీద విచారణ జరిగింది. వాళ్ళలో ఒకడు ఎడ్వర్డ్ పావెల్. కోర్టు అయిదుగురూ దోషులేనంది. శిక్ష మాత్రం వేయకుండా లండన్‌ని అడిగారు. జవాబు వచ్చేదాకా వాళ్ళు బయటే తిరిగారు. 1802లో లండన్ నుంచి క్షమాభిక్ష వచ్చింది.

పావెల్ ఆ తరవాత హోమ్‌బుష్ దగ్గర పారమట్ట రోడ్డు మీద, సిడ్నీకీ పారమట్టకీ సగం దూరంలో, హాఫ్ వే హౌస్ అనే పూటకూళ్ళ ఇల్లు నడిపాడు. హోమ్‌బుష్‌లో ఇప్పుడు పిల్లలు సైకిళ్ళు తొక్కే పావెల్స్ క్రీక్ ఆయన పేరు మీదదే. పదేళ్ళ పాపకి ఇదంతా ఎంత చెప్పాలో మీ ఇష్టం. అయితే పిల్లలు ఇక్కడ ఐదో తరగతిలో కాలనీల చరిత్ర చదువుతున్నారు, మూలవాసుల కోణం కూడా రాయమని టీచర్లే అడుగుతారు. "ఆ నేల దారుగ్ వాళ్ళది, దాని కోసం గొడవలయ్యాయి, రెండు వైపులా మనుషులు చనిపోయారు, మూలవాసులకి న్యాయం జరగలేదు" అన్నంతవరకు ఏ వయసు పిల్లలకైనా అర్థమవుతుంది.

మూడో ప్రశ్న, సమాచారం ఎక్కడ. ఇంటర్నెట్‌లో కుటుంబ వృక్షాల వెబ్‌సైట్లు చూసి తేదీలు ఎత్తి రాయొద్దు. ఒకరు తప్పు రాస్తే వందమంది కాపీ కొడతారు. ఇద్దరు థామస్ రోజ్‌లు, అంటే తండ్రీ కొడుకూ, కలిసిపోయి ఒక్కడే అయిపోయిన వృక్షాలు నేనే చూశాను.

అప్పట్లో సర్కారు రేషన్ లెక్కల కోసం అందర్నీ పిలిచి పేర్లు రాసుకునేది. దాన్ని మస్టర్ అంటారు. 1806, 1811, 1814, 1822, 1825 మస్టర్లు దొరుకుతాయి. 1828 నవంబరులో మొదటి సరైన జనగణన జరిగింది, మొత్తం 36,598 మంది లెక్క తేలారు. దాంట్లో ప్రతి పేరు పక్కనా ఒక పొట్టి గుర్తు ఉంటుంది. సి.ఎఫ్. అంటే స్వేచ్ఛగా వచ్చారు, బి.సి. అంటే కాలనీలోనే పుట్టారు, ఎఫ్.ఎస్. అంటే శిక్ష తీరి విడుదలయ్యారు, జి.ఎస్. అంటే ఇంకా సర్కారు ఖైదీ. పాప ఈ నాలుగు గుర్తులూ నేర్చుకుంటే ఒక పేజీ చూసి ఒక ఇంటి కథ తనే చెప్పగలదు. ఒకే కప్పు కింద సి.ఎఫ్. భర్త, ఎఫ్.ఎస్. భార్య, బి.సి. పిల్లలు, జి.ఎస్. పాలేర్లు కనిపిస్తారు. కాకపోతే సి.ఎఫ్. అని ఉంటే రోజ్ లాంటి రైతే అనుకోవద్దు. సైనికుడి భార్యాపిల్లలకీ, ఖైదీ భర్త వెనకాలే ఓడెక్కి వచ్చిన భార్యకీ కూడా అదే గుర్తు.

ఇంకో హెచ్చరిక. 1806లో శామ్యూల్ మార్స్‌డెన్ అనే పాదిరి ఆడవాళ్ళ జాబితా ఒకటి తయారుచేశాడు. తన చర్చిలో పెళ్ళి చేసుకుంటేనే పెళ్ళి అన్నట్టు, మిగతావాళ్ళందర్నీ ఉంపుడుగత్తెల కింద రాసేశాడు. కాథలిక్ పద్ధతిలో పెళ్ళయి కాపురం చేసుకుంటున్నవాళ్ళని కూడా. అది చూసి ఎవరి ముత్తవ్వ గురించీ తీర్పులివ్వొద్దు.

సిడ్నీ గెజిట్ అనే పత్రిక 1803 మార్చి 5న మొదలైంది. వరదలు, వేలంపాటలు, పోయిన ఆవులు, పారిపోయిన పాలేర్లు, అన్నీ దాంట్లో ఉంటాయి. నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ వెబ్‌సైట్‌లో మొత్తం ఉచితంగా చదవొచ్చు. 1806 మార్చి, ఏప్రిల్ సంచికలు తెరిచి వరద వార్త ఒకటి పాప చేత చదివించండి, ప్రాజెక్టులో అతికించడానికి అంతకన్నా మంచి ముక్క దొరకదు. అక్షరాల్లో "ఎస్" అచ్చం "ఎఫ్" లా కనిపిస్తే కంగారు పడకండి, ఆ కాలపు అచ్చు తీరు అది. రాష్ట్ర ఆర్కైవ్స్ చదువుగది కింగ్స్‌వుడ్‌లో ఉంది, భూమి పట్టాలు, గవర్నరుకి పెట్టుకున్న అర్జీలు అక్కడ చూడొచ్చు. ఐదో తరగతికి అంత దూరం అవసరం లేదు, సూచికలు ఆన్‌లైన్లోనే ఉన్నాయి. పుట్టుక, చావు, పెళ్ళి సర్కారు రిజిస్టర్లు 1856 నుంచే మొదలయ్యాయి. అంతకు ముందువి చర్చి పుస్తకాలే ఆధారం.

వీలైతే ఒక శనివారమో ఆదివారమో పాపని విల్బర్‌ఫోర్స్ తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు పయనీర్ విలేజ్ ఏ రోజుల్లో తెరుస్తున్నారో చూసుకోండి, ఈ మధ్య వరదల్లో ఆ ప్రాంతం చాలా దెబ్బతింది. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకెళ్తే ఎబినేజర్ చర్చి వస్తుంది. 1802లో కొరమాండల్ అనే ఓడలో వచ్చిన ఫ్రీ సెట్లర్ కుటుంబాలు 1809లో కట్టుకున్నది, ఇప్పటికీ నిలిచి ఉన్న చర్చిల్లో దేశంలోకెల్లా పాతది. ఓడ పేరు చూశారుగా, మన కోరమండల్ తీరం పేరే. రోజ్ వాళ్ళకి అప్పటి ఇరుగుపొరుగు వీళ్ళే. పెరుగన్నం డబ్బా కట్టుకెళ్ళండి, నది ఒడ్డున కూర్చుని తినొచ్చు.

1828 జనగణన పేజీలో రాత అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. అది గుమస్తాల గొలుసుకట్టు రాత, మొదట్లో కళ్ళు తిరుగుతాయి. పాప ముందు తనకి ఏమని కనిపిస్తోందో రాసి పెట్టమనండి, ఆ తరవాత నేను చదివింది చెప్తాను.